వంద రోజుల పని, గల్ఫు పైసలు: నేపాల్ అక్కల దగ్గర మేము విన్నది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అనే లెక్క కార్యదర్శి అక్క చదివింది. మాకు అప్పగించిన విషయం వేరే. "మీరు ముగ్గురు హైదరాబాదు శిక్షణకు పోయి వచ్చిన్రు కదా, అక్కడ నేపాల్ సంఘాల ఆడవాళ్ళు కలిసిన్రట, వాళ్ళ సంగతి పది మందికీ చెప్పున్రి" అన్నారు. మేము ముగ్గురం కూర్చుని రాసుకున్నాం. ఏం చెప్పాలో కంటే ఏం విడిచిపెట్టాలో తేల్చుకోవడానికే రెండు రాత్రులు పట్టింది. మేము పదో తరగతి దాకా చదివినవాళ్ళం. మాటల్లో తప్పులుంటే సర్దుకోండి. అంకెలు మాత్రం శిక్షణలో ఇచ్చిన కాగితాల్లోంచి సరిచూసుకుని రాసుకున్నవి.

నేపాల్ అంటే మనకేం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. మన బజార్లలో రాత్రిపూట విజిల్ వేసుకుంటూ తిరిగే గూర్ఖాకు నెలకు ఇరవై రూపాయలో ముప్పై రూపాయలో ఇచ్చాం గాని, ఆయన సొంత ఊళ్ళో పని ఎందుకు లేదు అని మనం ఎన్నడూ అడగలేదు. దుబాయిలో, దోహాలో, రియాద్‌లో మన జగిత్యాల మనుషులు ఉన్న క్యాంపుల్లో పక్క మంచం మీద పడుకునేది కూడా నేపాలీవాళ్ళే. మా ఇంటాయన కువైట్‌లో ఉన్న నాలుగేళ్ళూ రూములో వంట చేసింది ఒక నేపాలీ పిల్లగాడు. ఆ సంగతి చెప్పగానే శిక్షణలో మా ఎదురుగా కూర్చున్న అక్క చెయ్యి పట్టుకున్నది. ఆమె ఇంటాయన ఖతర్‌లో ఉన్నాడు. వాళ్ళ హిందీ, మన హిందీ రెండూ అంతంతమాత్రమే. అయినా రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నాం.

మొదట వాళ్ళ యుద్ధం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

1996 ఫిబ్రవరిలో రోల్పా, రుకుం అనే కొండ జిల్లాల వైపు మావోయిస్టుల యుద్ధం మొదలైంది. పదేళ్ళు నడిచింది. సుమారు 17 వేల మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా మనుషులు ఏమైపోయారో ఇప్పటికీ తెలియదు. భర్త బతికి ఉన్నాడో లేడో తెలియక, బొట్టు తీయాలో ఉంచాలో తెలియక ఉన్న ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. మనకు ఇది మరీ కొత్త ముచ్చటేం కాదు. మన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రాత్రి తలుపు కొడితే తియ్యాలో వద్దో తెలియని భయం మన అమ్మలకు తెలుసు. మనం చిన్నప్పుడు కొంత చూశాం. మన మగవాళ్ళు బొంబాయి బస్సు, ఆ తరువాత గల్ఫు విమానం ఎక్కింది కూడా ఆ కాలంలోనే ఎక్కువైంది. ఒక్క దాని వల్లే అని మేము అనడం లేదు. కరువు ఉంది, నీళ్ళు లేవు, భూమి లేదు. కాని ఊళ్ళో ఉండలేని కాలం అని పెద్దలు ఇప్పటికీ అంటారు.

నేపాల్‌లో 2006 నవంబరులో శాంతి ఒప్పందం జరిగింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మన పాత కరీంనగర్ జిల్లా కూడా మొదటి విడతలోనే ఉంది. ఈ రెండు తారీకులు పక్కపక్కన ఎందుకు పెట్టామో కొంచెం ఆగితే చెప్తాం.

ఒప్పందం అయ్యాక తుపాకులు కింద పెట్టినవాళ్ళను శిబిరాల్లో ఉంచారు. ఐక్యరాజ్యసమితి వాళ్ళు పేర్లు సరిచూస్తే 19 వేల 600 మంది తేలారు. అందులో దాదాపు ఐదో వంతు ఆడవాళ్ళు. ఐదేళ్ళు శిబిరాల్లోనే ఉన్నారు. చివరకు వాళ్ళ ముందు మూడు దారులు పెట్టారు. సైన్యంలో చేరడం ఒకటి. డబ్బు తీసుకుని ఇంటికి పోవడం ఒకటి. చదువో, చేతిపనో నేర్చుకుని కొత్త బతుకు మొదలుపెట్టే పునరావాసం ఒకటి. సైన్యంలో 1,400 మందికి పైగా చేరారు. 15 వేల మందికి పైగా చెక్కు తీసుకుని పోయారు. హోదాను బట్టి 5 లక్షల నుంచి 8 లక్షల దాకా ఇచ్చారు. అవి నేపాలీ రూపాయలు. వాళ్ళ రూపాయీ అరవై పైసలు మన రూపాయికి సమానం, కాబట్టి మన లెక్కలో సుమారు 3 లక్షల నుంచి 5 లక్షలు అనుకోండి. ఇక పని నేర్చుకుంటాం అని పునరావాసం దారి పట్టినవాళ్ళు ఎంతమంది అనుకుంటున్నారు?

ఆరుగురు. ఆరు వందలు కాదు, ఆరు వేలు కాదు. ఆరుగురు.

ఆ అంకె విని మేము కాసేపు మాట్లాడలేదు. వాళ్ళకు తెలివి లేక కాదు. నేర్పే పని నేర్చుకున్నాక ఆ పని ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చూపించలేదు. మనకు కూడా కుట్టుమిషన్ శిక్షణ ఇచ్చారు. మన మండలంలో ఎన్ని సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయో, ఎన్ని మిషన్లు నడుస్తున్నాయో మీకే తెలుసు. చెక్కు తీసుకున్నవాళ్ళలో కొందరు ఇల్లు కట్టుకున్నారు, కొందరు బాకీ తీర్చారు. చాలామంది అదే పైసలతో పాస్‌పోర్టు తీసుకుని గల్ఫుకు పోయారట. నిన్నటిదాకా ఊరు మార్చాలని కొట్లాడినవాళ్ళు ఊరే విడిచిపెట్టారు.

ఇప్పుడు పేదరికం లెక్కకు వద్దాం. ఇక్కడే మాకు తల తిరిగింది.

1995-96లో నేపాల్‌లో వందకు 42 మంది పేదలు. 2003-04లో, అంటే యుద్ధం మంచి జోరు మీద ఉన్నప్పుడు, ఆ లెక్క 31కి దిగింది. 2010-11లో 25. 2022-23లో 20. ఈ చివరిసారి గీత కూడా మార్చి, మనిషికి ఏడాదికి 72,908 నేపాలీ రూపాయలు, అంటే మన పైసల్లో నెలకు 3,800 దగ్గర, అంతకంటే తక్కువ ఖర్చు పెట్టుకోగలిగేవాళ్ళనే పేదలుగా లెక్క కట్టారు. పాత గీత చాలా కింద ఉండేది, అందుకని దాన్ని పైకి జరిపారు. జరిపినా 20 అనే తేలింది.

యుద్ధం నడుస్తుంటే, రోడ్లు పేలిపోతుంటే, బళ్ళు మూతబడుతుంటే పేదరికం ఎట్లా తగ్గుతుంది? మేము అదే అడిగాం. ఖతర్ అక్క నవ్వింది. "మనుషులు పోయిన్రు, పైసలు వచ్చినయ్" అన్నది. లెక్కలు చూసిన పెద్దలు కూడా అదే అంటున్నారు. ఆ కాలంలో తగ్గిన పేదరికంలో ఐదో వంతు వలస పోయినవాళ్ళ వల్లే తగ్గిందని ఒక లెక్క కట్టారు. ఈ రోజుకి ఆ దేశం మొత్తం ఆదాయంతో పోలిస్తే బయటి నుంచి వచ్చే పైసలు దాదాపు నాలుగో వంతు ఉంటాయి. 2021 జనాభా లెక్కల్లో మనుషులు 2 కోట్ల 91 లక్షలు ఉంటే, దేశంలో లేకుండా బయట ఉన్నవాళ్ళు 21 లక్షల 90 వేల మంది. ఆడవాళ్ళే ఇంటి పెద్దలుగా రాసుకున్న ఇళ్ళు దాదాపు మూడో వంతు అయ్యాయి.

ఒక్క సంగతి గమనించండి. అందరూ ఒకే చోటికి పోరు. గల్ఫుకో మలేషియాకో పోవాలంటే ముందు అప్పు పుట్టాలి. అప్పు కూడా పుట్టని పేదవాడు బస్సెక్కి మన దేశానికి వస్తాడు, హోటల్లో కప్పులు కడుగుతాడు, రాత్రి విజిల్ వేస్తాడు. నేపాల్‌లో పడమటి చివర సుదూర్ పశ్చిమ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి మగవాళ్ళు ఎక్కువగా ఇండియాకే వస్తారు. అక్కడ ఇప్పటికీ వందకు 34 మంది పేదలే. గండకీ అనే రాష్ట్రంలో పాత కాలం నుంచి బయటి సైన్యాల్లో కొలువులు, పింఛన్లు, గల్ఫు పైసలు. అక్కడ 12 మందే. కాబట్టి వలస పేదరికాన్ని తగ్గిస్తుంది అని ఊరికే అనడానికి లేదు. ఎంతో కొంత ఉన్నవాళ్ళనే అది ముందు లేపుతుంది.

మరి ప్రభుత్వం ఏం చేసింది అంటే, కాగితం మీద చాలా చేసింది. ఇది ఎగతాళికి అనడం లేదు. కాగితం ఉండడం కూడా అవసరమే.

శాంతి వచ్చిన సంవత్సరమే కర్ణాలీ అనే వెనుకబడిన కొండ ప్రాంతంలో ఐదు జిల్లాలకు "ఇంటికొక ఉపాధి" అని పథకం పెట్టారు. పని లేని ఇంటికి వంద రోజులు అన్నారు. చాలా ఇళ్ళకు ఆ దరిదాపుకు కూడా రాలేదు. తరువాత 2014-15లో జాతీయ ఉపాధి విధానం తెచ్చారు. దేశంలోనే పనులు పెంచాలి, చేతిపని నేర్పాలి, రాసుకునే పుస్తకం లేని కూలి పనులకు కూడా భద్రత రావాలి అని అందులో ఉంది. ఏటా నాలుగైదు లక్షల మంది పిల్లలు కొత్తగా పనికోసం బయటికి వచ్చే దేశం అది. 2015లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో ఉపాధి పొందడం ప్రాథమిక హక్కు అని రాసుకున్నారు. మనకు పని హక్కు చట్టంలో ఉంది గాని, రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల్లో లేదు. ఆ మాట దగ్గర వాళ్ళు మనకంటే ఒక మెట్టు పైనే ఉన్నారు.

ఆ హక్కు నడవడానికి 2018లో ఉపాధి హక్కు చట్టం చేశారు. పని లేని కుటుంబానికి ఏడాదికి కనీసం వంద రోజులు పని ఇవ్వాలి. ఇవ్వకపోతే కనీస కూలిలో సగం భృతిగా ఇవ్వాలి. 753 గ్రామ, పట్టణ పాలికల్లో ఒక్కొక్కదానిలో ఒక ఉపాధి సేవా కేంద్రం. పేర్లు అక్కడే రాయించుకోవాలి. వింటుంటే మన జాబ్ కార్డు గుర్తొస్తుంది కదా. అందుకే ఆ తారీకులు పక్కపక్కన పెట్టాం.

ఆ పథకం 2019లో మొదలైంది. మొదటి ఏడాది పని దొరికినవాళ్ళకు సగటున పదిహేను రోజులు కూడా రాలేదు. ఎందుకు రాలేదు అని మేము గుచ్చి గుచ్చి అడిగాం. అక్కలు చెప్పినవి రాసుకున్నాం. పేర్లు రాయించుకున్నవాళ్ళు లక్షల మంది, ఇచ్చిన పైసలు కొంచెం. వార్డులో పలుకుబడి ఉన్నవాళ్ళ పేర్లు ముందుకు, లేనివాళ్ళ పేర్లు వెనక్కు. ఇంకొకటి, వాళ్ళ ఆర్థిక సంవత్సరం జులై నడిమిట్ల ముగుస్తుంది. పైసలు చివరి నెలల్లో వస్తాయి. అప్పుడు వానలు, నాట్లు. పొలంలో చేతినిండా పని ఉన్న రోజుల్లో "రండి, పని ఉన్నది" అని పిలుస్తారు. వచ్చినవాళ్ళతో రోడ్డు పక్కన గడ్డి పీకిస్తారు. దేశమంతా ఆ గడ్డి పీకుడు మీద జోకులు వేసుకున్నారట. "గడ్డి మళ్ళీ మొలుస్తది, మళ్ళీ పని దొరుకుతది" అని ఒక అక్క అన్నప్పుడు మేమూ నవ్వాం. తరువాత మన ఊరి రోడ్డు పక్క తుమ్మచెట్లు గుర్తొచ్చి నవ్వు ఆగింది.

పని ఇవ్వకపోతే సగం కూలి భృతి అన్నారు కదా, ఎవరికైనా వచ్చిందా అని అడిగాం. అక్కడున్న పదకొండు మందిలో ఒక్కరూ వచ్చిందనలేదు.

అప్పుడు వాళ్ళు మమ్మల్ని అడిగారు. "మీకు చట్టం వచ్చి ఇన్నేళ్ళయింది కదా, మీకు వచ్చిందా?" అని.

అక్కలారా, మన చట్టంలో కూడా ఉంది. పని కావాలని దరఖాస్తు ఇచ్చిన పదిహేను రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే మొదటి నెల కూలిలో నాలుగో వంతు, ఆ తరువాత సగం భృతి ఇవ్వాలి. ఇక్కడ ఐదు వందల మంది ఉన్నాం. మీలో ఎవరికైనా ఆ భృతి వచ్చి ఉంటే చేతులెత్తండి.

చూశారా.

ఎందుకు రాలేదంటే, భృతి అడగాలంటే దరఖాస్తు ఇచ్చినట్టు తారీకు వేసిన రసీదు ఉండాలి. మనం నోటితో అడుగుతాం. "పని ఉంటే చెప్పుండ్రి" అంటాం. ఫీల్డ్ అసిస్టెంటు "చెప్తా" అంటాడు. మాట గాలికి పోతుంది. పని లేకపోతే మన ఖర్మ అనుకుంటాం. కాగితం మీద చూస్తే మన ఊళ్ళో పని అడిగినవాళ్ళే లేరు. అడిగినవాళ్ళు లేకపోతే ఇవ్వలేదనే మాటే పుట్టదు. నేపాల్‌లో తక్కువ పైసలు తెచ్చిన కష్టమే, మన దగ్గర మన నోటిమాట తెచ్చిపెడుతున్నది. ఇది మాకు మేము చెప్పుకునే మాట కూడా. మేము సంఘం పెట్టి పన్నెండేళ్ళయింది. అప్పు దరఖాస్తులు ఎన్ని రాశామో లెక్కలేదు. పని దరఖాస్తు ఒక్కటి కూడా రాయలేదు.

ఇంకో లెక్క చెప్తాం, ఇది బీడీలు చేసే అక్కలు జాగ్రత్తగా వినాలి. 2017-18లో నేపాల్ ప్రభుత్వం పనిచేసేవాళ్ళ సర్వే చేసింది. మగవాళ్ళలో వందకు 54 మంది పనిలోనో, పని వెతుకులాటలోనో ఉన్నారట. ఆడవాళ్ళు 26 మందే. మరి మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు? మగవాళ్ళు లేని ఊళ్ళల్లో నాగలి తప్ప అన్నీ ఆడవాళ్ళే చేస్తున్నారు, కొన్ని చోట్ల నాగలి కూడా పట్టారు. కాని తమ ఇంటి తిండి కోసం పండించేది ఆ సర్వే లెక్కలో ఉపాధి కాదు. ప్రపంచమంతా ఆ పద్ధతికే మారుతున్నదని అక్కడి సార్లు చెప్పారు. కారణాలు వాళ్ళకుంటాయి. కాని ఆ ఖతర్ అక్క పొద్దున నాలుగింటికి లేచి గడ్డికి పోయి, మక్కకు కలుపు తీసి, బర్రెకు నీళ్ళు పెట్టి, అత్తకు మందు వేసి పడుకునేసరికి పదవుతుంది. సర్వే పుస్తకంలో ఆమె ఖాళీగా ఉన్న మనిషి. మనమూ అంతే కదా. ఇంటికి ఎవరన్నా వచ్చి "ఏం పని చేస్తవమ్మా?" అంటే, ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, పక్కన తడిపిన ఆకు పెట్టుకుని "ఏం లేదు సారూ, ఇంట్లనే ఉంట" అంటాం.

ఆడవాళ్ళు తాము పోతామంటే ప్రభుత్వం ఏమన్నది? వద్దన్నది. 1998లో గల్ఫుకు ఆడవాళ్ళు పోవద్దని కట్టడి పెట్టారు. తరువాత సడలించారు. 2012లో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు పోవద్దన్నారు. 2017లో ఇంటిపనికి ఎవరూ పోవద్దన్నారు. అక్కడ అన్యాయాలు జరుగుతున్నాయని చెప్పి పెట్టిన కట్టడే. కాని ఊళ్ళో పని చూపించకుండా తలుపు మాత్రం మూస్తే ఏమవుతుంది? దొంగదారిన పోతారు. పోయిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఏదైనా అయితే అడిగే దిక్కుండదు. ఈ విషయంలో మా ముగ్గురికీ ఒక మాట మీద కుదరలేదు. మాలో ఒకరు కట్టడి మంచిదే అంటారు, ఆమె పిన్ని బిడ్డ మస్కట్ నుంచి ఎట్లా వచ్చిందో చూసింది కాబట్టి. మిగతా ఇద్దరం కాదంటాం. మీరూ ఆలోచించండి.

మంచి సంగతులు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పు. భూమి ఆడవాళ్ళ పేరున రిజిస్ట్రేషన్ చేస్తే ఫీజులో రాయితీ ఇచ్చారు. ఆడవాళ్ళ పేరున భూమి ఉన్న ఇళ్ళు 2001లో వందకు 11 ఉంటే 2021 నాటికి 24 దగ్గరికి వచ్చాయి. 2017 స్థానిక ఎన్నికల్లో ప్రతి వార్డులో ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు దళిత మహిళ ఉండాలని పెట్టారు. 14 వేల మందికి పైగా ఆడవాళ్ళు గెలిచారు. మాతో మాట్లాడిన అక్కల్లో ఒకామె వార్డు సభ్యురాలు. వాళ్ళ ఊళ్ళో ఉపాధి పైసలు వచ్చినప్పుడు మళ్ళీ గడ్డి పీకుడే అన్నారట. ఆమె తల్లుల సంఘాన్ని తీసుకుని కేంద్రానికి పోయి, "మా పొలాల కాల్వ పూడిపోయింది, ఆ పని ఇయ్యండి, నాట్ల కంటే ముందు ఇయ్యండి" అని రాసి ఇచ్చింది. ఇచ్చింది పద్దెనిమిది రోజుల పనే. కాని ఆ ఏడాది నీళ్ళు చివరి పొలం దాకా పోయాయట. చివరి పొలం ఆమెదే కాబట్టి బాగా గుర్తుందని ఆమే నవ్వింది.

ఇప్పుడు మన సంగతి. ఇది చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. వార్షిక నివేదికలో అచ్చవుతుందని తెలిసే చెప్తున్నాం.

మూడేళ్ళ కింద మా సంఘంలో ఒక చెల్లెకు పాడి గేదె పేరు మీద లోన్ ఇప్పించాం. గేదె కొనలేదు. ఆ పైసలకు ఇంకా నాలుగు రూపాయల మిత్తికి తెచ్చినవి కలిపి ఒక ఏజెంటు చేతిలో పోశారు. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా మీద పంపాడు. నాలుగు నెలలు పార్కుల్లో పడుకుని, ఎవరో మనవాళ్ళు టికెట్టుకు చందాలు వేస్తే ఆ తమ్ముడు తిరిగివచ్చాడు. లోన్ పైసలు దేనికని మాకు తెలియదా? తెలుసు. మేము సంతకం పెట్టినవాళ్ళమే. తనిఖీకి వచ్చినప్పుడు గేదెను చూపించమంటే పక్కింటి గేదెను కట్టేసి ఫోటో తీయించాం. రికార్డులో ఆ చెల్లెకు జీవనోపాధి వచ్చినట్టు ఉంది. ఇక్కడ అది మీకు తెలియని కథేం కాదు. ఎన్ని ఊళ్ళల్లో పక్కింటి గేదె ఎన్నిసార్లు ఫోటో దిగిందో, దానికే తెలియాలి.

కిస్తీ మాత్రం ఆగదు కదా. పది మందిమి వాటా వేసుకుని పద్నాలుగు నెలలు కట్టాం. ఆ చెల్లె సమావేశానికి రావడం మానేసింది. మొన్న సంక్రాంతికి బోనస్ బీడీ పైసలు వస్తే తెచ్చి, సంఘం పుస్తకం మీద పెట్టి ఏడ్చింది.

నేపాల్‌లో కూడా ఇదే. 2015 నుంచి గల్ఫు, మలేషియా వీసాకు, టికెట్టుకు పనిమనిషి దగ్గర పైసలు తీసుకోవద్దు, ఏజెంటు 10 వేల నేపాలీ రూపాయలు మాత్రమే తీసుకోవాలి అని రూలు పెట్టారు. లక్ష దాటకుండా పోయినవాళ్ళు ఎవరో చెప్పండి అని అక్కలను అడిగితే ఎవరూ చెప్పలేదు. రసీదు పది వేలకే ఇస్తారు. మిగతాది సంఘాల అప్పు, బంగారం తాకట్టు. కాట్మాండు విమానాశ్రయంలో ఒక తలుపు నుంచి కుర్రవాళ్ళు లోపలికి పోతుంటే ఇంకో తలుపు నుంచి పెట్టెలు బయటికి వస్తుంటాయని ఆ అక్క చెప్పింది. మనకు శంషాబాదు తెలుసు. ఇంతకంటే చెప్పం.

మన దగ్గర కూడా రూలు ఉంది. ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. లైసెన్సు నంబరు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు, మన వీఓఏ ఫోన్లోనే చూడవచ్చు. పదో తరగతి పాసు కాక ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు పోయేముందు ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేళ్ళకు 275 రూపాయలు, బీమా 10 లక్షలు. విజిట్ వీసా మీద పనికి పోయినవాళ్ళకు ఇవేవీ ఉండవు. ఆ తమ్ముడికి లేకపోయింది అదే.

అందుకని మేము ముగ్గురం ఈ మహాసభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. పాలకవర్గంతో మాట్లాడాం. అందరూ ఒప్పుకోలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. వీసా కోసం అప్పు కావాలంటే వీసా అప్పు అనే రాద్దాం. గేదె అని రాయవద్దు. ఏజెంటు లైసెన్సు నంబరు, వీసా కాగితం నకలు సంఘం చూశాకే తీర్మానం రాయాలి. "అట్లైతే బ్యాంకోడు లోన్ ఇయ్యడు" అని కొందరు అక్కలు అన్నారు. నిజమే, కొన్ని ఇవ్వరు. సంఘం అంతర్గత పొదుపులో నుంచి ఎంత ఇవ్వగలమో అంతే ఇద్దాం. ఇవ్వలేనిది ఇవ్వలేం అని మొహం మీద చెప్పడం పద్నాలుగు నెలలు కిస్తీ కట్టడం కంటే తేలిక. మేము కట్టినవాళ్ళం కాబట్టి చెప్తున్నాం.

రెండోది పని దరఖాస్తు. వచ్చే నెల మొదటి సమావేశంలో ప్రతి సంఘం, అప్పు సంగతి ఎత్తకముందు, పని కావలసినవాళ్ళ పేర్లు రాసుకోవాలి. జాబ్ కార్డు నంబరు, ఏ తారీకు నుంచి పని కావాలో, ఎన్ని రోజులు కావాలో. ఏ పని కావాలో కూడా గ్రామసభలో మనమే చెప్పాలి. మన ఊరికి చెరువు తూము ఉంది, ఫీడర్ కాల్వ ఉంది. నాట్లు మొదలు కాకముందే అడగాలి. దరఖాస్తులు విడివిడిగా కాకుండా గ్రామ సంఘం తరఫున కలిసి పోయి ఇద్దాం. పదిహేను రోజులు లెక్కపెట్టే పని వీఓ కార్యదర్శిది. పదహారో రోజు ఏం రాయాలో ఆ కాగితం మేము తయారు చేసి పెట్టాం.

దరఖాస్తు ఫారాలు వెనక నీళ్ళ డ్రమ్ము పక్కన టేబుల్ మీద ఉన్నాయి. ఊరికి యాభై చొప్పున కట్టలు కట్టాం, మీ ఊరి పేరు పైన రాసి ఉంది. చాలకపోతే జిరాక్స్ తీయించుకోండి, ఖర్చు సమాఖ్య ఇస్తుంది. ఫారం ఇచ్చినప్పుడు కింద ముక్క చింపి, తారీకు వేసి, సంతకం పెట్టి ఇవ్వమని అడగండి. "రేపు రా" అంటే అక్కడే కూర్చోండి. ఒక్కరే పోవద్దు, పది మంది పోండి. ఆ ముక్కలన్నీ వచ్చే పదిహేనో తారీకు లోపల సమాఖ్య ఆఫీసుకు పంపండి. చేతులెత్తే లెక్క వచ్చే మహాసభలో మళ్ళీ అడుగుతాం.